మెదడుకి ఆరు చుక్కల మందు

బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు... పసివాళ్ళ ఎదుగుదలకి మన వంటిళ్ళలో ఉన్న క్యాలెండరు ఇది. పిల్లల డాక్టర్లు గోడలకి చార్టులు తగిలించకముందే అమ్మమ్మలు, నాయనమ్మలు దీన్ని కంఠతా పట్టారు. ఒక నెల అటో ఇటో అయినా, ఏడాదీ ఏడాదిన్నర తిరిగేసరికి ఏ ఇంట్లోనైనా అరిసెల పాకం పొయ్యి మీదికి ఎక్కాల్సిందే.

కొన్ని ఇళ్ళలో ఆ మూకుడు పొయ్యెక్కదు. ఐదో నెల వెళ్ళి ఆరో నెల వచ్చినా పాప మెడ నిలపదు. ఎత్తుకుంటే తడిసిన తువ్వాలులా చేతుల్లోంచి జారిపోతుంది. కాసిని పాలు తాగించడానికి గంట పడుతుంది. ఉన్నట్టుండి కళ్ళు పైకి తిరిగిపోయి, ఒళ్ళు విల్లులా వంగి, గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. "కొందరు పిల్లలు నిదానంగా ఎదుగుతారు లేవే, కంగారుపడకు" అంటుంది అత్తగారు. "ఫిట్స్ అయ్యుండొచ్చమ్మా" అంటారు డాక్టరుగారు. ఫిట్స్ మందు వాడతారు, తగ్గదు. స్కానింగ్ తీయిస్తారు, అందులో చెప్పుకోదగ్గ లోపమేమీ కనపడదు. చివరికి కాగితం మీద 'సెరిబ్రల్ పాల్సీ' అని రాసి, ఫిజియోథెరపీ చేయించమంటారు.

ఇలాంటి పిల్లల్లో చాలామందికి నిజంగానే సెరిబ్రల్ పాల్సీయో, మూర్ఛ జబ్బో అయి ఉంటుంది. కానీ ఎక్కడో ఒకరిద్దరికి మాత్రం జబ్బు వేరు. దాని పేరు కాస్త నోరు తిరగనిదే... ఆరోమేటిక్ ఎల్-అమైనో ఆసిడ్ డీకార్బాక్సిలేజ్ లోపం! ఇంత పేరు డాక్టర్లకి కూడా కష్టమై 'ఎ.ఎ.డి.సి. లోపం' అనేస్తారు. లండన్‌లో కీత్ హైలాండ్, పీటర్ క్లేటన్ అనే ఇద్దరు దీన్ని ఒక కవల జంటలో గుర్తించి 1990లో మొదటిసారి ప్రకటించారు. అప్పట్నుంచీ ప్రపంచం మొత్తం మీద బయటపడ్డ కేసులు వందల్లోనే ఉన్నాయి.

ఇంత అరుదైన జబ్బు సంగతి మనకెందుకూ అంటారా? నేరుగా మెదడులోకి జన్యువుని పంపించే మందు మొట్టమొదట అనుమతి పొందింది ఈ జబ్బుకే. మెదడు జబ్బులకి జన్యు చికిత్స ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో తెలుసుకోవాలంటే ఈ పిల్లల కథే సరైన దారి.

తోడు లేని పాలు

మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఒక పెద్ద వంటల పుస్తకం ఉందనుకోండి. ఒక్కో వంటకీ ఒక్కో పేజీ. ఆ పేజీనే జన్యువు అంటాం. దాదాపు ప్రతి పేజీకీ రెండు ప్రతులుంటాయి - ఒకటి అమ్మ ఇచ్చింది, ఇంకోటి నాన్న ఇచ్చింది. ఒకదాంట్లో అచ్చుతప్పు పడినా రెండోది చూసి వంట కానిచ్చేయవచ్చు. రెండింట్లోనూ తప్పు పడితేనే చిక్కు. ఆ వంటకం ఇక ఆ ఒంట్లో తయారవదు.

ఎ.ఎ.డి.సి. లోపంలో తప్పు పడేది 7వ క్రోమోజోములో ఉన్న డి.డి.సి. అనే జన్యువులో. ఈ పేజీ చూసి కణాలు ఒక ఎంజైమ్ తయారు చేస్తాయి. ఆ ఎంజైమ్ పని ఏమిటంటే, ఎల్-డోపా అనే పదార్థాన్ని డోపమైన్‌గా మార్చడం. పాలని పెరుగు చేసే తోడు లాంటిదన్నమాట! గిన్నె నిండా కాచిన పాలున్నాయి, తోడు వెయ్యడానికి మజ్జిగ చుక్క లేదు. పొద్దున్న మూత తీసి చూస్తే పాలు పాలలాగే ఉన్నాయి. ఈ పిల్లల మెదడు పరిస్థితి అచ్చం ఇదే.

డోపమైన్ లేకపోతే ఏమవుతుంది? చెయ్యి ఎత్తాలన్నా, మెడ తిప్పాలన్నా, కూర్చోవాలన్నా మెదడు లోపల పుటామెన్ అనే చోటికి డోపమైన్ అందాలి. అది అందకపోతే కండరాలు బాగానే ఉన్నా కదలమని ఆజ్ఞ సరిగ్గా వెళ్ళదు. ఇదే ఎంజైమ్ సెరటోనిన్ తయారీకి కూడా కావాలి కనుక నిద్ర పట్టదు, చికాకు, ఊరికే ఏడుపు, విపరీతంగా చెమటలు. ముక్కు ఎప్పుడూ దిబ్బడేసినట్టు ఉంటుంది. కనురెప్పలు వాలిపోతుంటాయి. ఇంకో విచిత్రం - పొద్దున్న నిద్ర లేచినప్పుడు కాస్త మెరుగ్గా ఉండి, సాయంత్రమయ్యేకొద్దీ బాధ ఎక్కువవుతుంది.

"మరి ఎల్-డోపా మాత్రలు ఉన్నాయిగా, మా మామయ్యగారు వణుకు జబ్బుకి వాడుతున్నారు" అనే అనుమానం మీకు రావచ్చు. మంచి అనుమానమే! పార్కిన్సన్స్ జబ్బులో పాలు తగ్గుతాయి కానీ తోడు ఇంకా కాస్త మిగిలే ఉంటుంది, అందుకని పాలు పోస్తే పెరుగవుతుంది. ఈ పిల్లల్లో లేనిదే తోడు. ఇంకో నాలుగు లీటర్లు పాలు పోసినా ఏం లాభం?

అయితే ఇందులోనే ఒక ఆశ కూడా దాగి ఉంది. ఈ పిల్లల మెదడులో డోపమైన్ తయారు చెయ్యాల్సిన నాడీకణాలు చచ్చిపోలేదు. ఇల్లు కూలిపోలేదు, కరెంటు లేదంతే. ఆ ఒక్క పేజీ సరైనది తెచ్చి ఆ కణాలకి అందిస్తే? డాక్టర్లకి తట్టిన ఆలోచన అదే.

పూర్ణం మార్చిన బూరె

చెప్పడానికి తేలిక. చెయ్యడం? మెదడు కణంలోకి ఒక జన్యువుని మోసుకెళ్ళేదెవరు? సూదితో ఒక్కో కణానికీ ఎక్కించలేం కదా.

ఆ పని పుట్టుకతోనే వచ్చిన వాళ్ళు ఒకళ్ళున్నారు - వైరస్‌లు. కణంలోకి చొరబడి తన జన్యువులు లోపల వదిలేయడమే వైరస్ వృత్తి. దొంగ చేతికి తాళాలిచ్చి మన సామానే మోయించుకోవడం లాంటి ఉపాయం ఇది. 1965లో అడెనో వైరస్‌ల మధ్య కలిసిపోయి కనిపించిన ఒక చిన్న వైరస్ ఉంది. దాన్ని అడెనో అసోసియేటెడ్ వైరస్, పొట్టిగా ఎ.ఎ.వి. అంటారు. మనలో చాలామందికి తెలియకుండానే ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకి ఉంటుంది. దీనివల్ల వచ్చే జబ్బంటూ ఏదీ లేదు. దీన్ని తీసుకుని, బూరె పైపిండి అలాగే ఉంచి లోపలి పూర్ణం మార్చినట్టు, వైరస్ సొంత జన్యువులు తీసేసి మనక్కావలసిన జన్యువుని కూరుస్తారు. ఇక అది కణంలోకి వెళ్ళగలదు కానీ పిల్లలు పెట్టలేదు.

బూరె చిన్నదైతే పూర్ణం ఎంత పడుతుంది? ఎ.ఎ.వి.లో పట్టేది 4,700 జన్యు అక్షరాలు మాత్రమే. మన ఎంజైమ్ పాఠం 1,440 అక్షరాల పైచిలుకు, కనుక హాయిగా పట్టేస్తుంది. అంతకంటే పొడుగు జన్యువుల జబ్బులు చాలా ఉన్నాయి, వాటికి ఈ బూరె చాలదు.

ఇంకో అడ్డంకి మెదడే. రక్తంలో తిరిగే ప్రతిదాన్నీ మెదడు లోపలికి రానివ్వదు. రక్తనాళాల గోడల్లోనే ఒక కాపలా ఉంటుంది. విషాలు లోపలికి పోకుండా అది మనల్ని రక్షిస్తుంది కానీ మందులని కూడా గుమ్మంలోనే ఆపేస్తుంది. అందుకే చెయ్యి నరానికి ఇంజెక్షన్ ఇచ్చేస్తే పని జరగదు. పుర్రెకి చిన్న రంధ్రం చేసి నేరుగా లోపలికి వెళ్ళాల్సిందే.

ఈ దారి నున్నగా ఏం లేదు. 1996లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో పావోలా లియోన్, మాథ్యూ డ్యూరింగ్ అనే శాస్త్రవేత్తలు కెనవాన్ అనే పసిపిల్లల మెదడు జబ్బుకి మొదటిసారి జన్యు చికిత్స ప్రయత్నించారు. తర్వాత అమెరికాలో ఎ.ఎ.వి.తో 13 మంది పిల్లలకి చేశారు. మెదడు కుంచించుకుపోయే వేగం తగ్గింది, కానీ పిల్లలు ఆరోగ్యవంతులైపోలేదు. ఈలోపు 1999 సెప్టెంబరులో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఒక కాలేయ జబ్బు ట్రయల్‌లో పాల్గొన్న 18 ఏళ్ళ జెస్సీ గెల్సింగర్, వైరస్ ఎక్కించిన నాలుగు రోజులకే చనిపోయాడు. అది వేరే రకం వైరస్, వేరే జబ్బు. అయినా ఆ అబ్బాయి మరణంతో ఈ రంగం మొత్తం ఏళ్ళ తరబడి కుదేలయింది. కుదేలవడం న్యాయమే అనిపిస్తుంది నాకు. చావు బతుకుల్లో ఉన్న పసికందుల మీద చేసే పనికి ఆ మాత్రం భయం ఉండాలి.

తైపేలో నలుగురు పిల్లలు

తైవాన్‌లో ఈ ఎ.ఎ.డి.సి. లోపం మిగతా దేశాలకంటే ఎక్కువ. ఎప్పుడో ఒక పూర్వీకుడిలో పడిన ఒకే ఒక్క అచ్చుతప్పు తరతరాలుగా అక్కడి జనంలో పాకింది. తైపేలోని నేషనల్ తైవాన్ యూనివర్సిటీ హాస్పిటల్‌లో డాక్టర్ వూ-లియాంగ్ హ్వు, డాక్టర్ యిన్-హ్సియు చియెన్ బృందానికి ఇలాంటి పిల్లలు కళ్ళముందే ఉన్నారు, చేతిలో మందు లేదు.

జపాన్‌లో జిచి మెడికల్ యూనివర్సిటీకి చెందిన షిన్-ఇచి మురమత్సు ఇదే జన్యువుని పార్కిన్సన్స్ జబ్బున్న ఆరుగురు పెద్దవాళ్ళ మెదడులో పెట్టి, ఆ ఫలితాలు 2010లో ప్రచురించారు. వణుకు జబ్బు పెద్దల కోసం మొదలైన పని చివరికి పసిపిల్లలకి అక్కరకొచ్చింది చూడండి! తైవాన్ డాక్టర్లు మురమత్సుతో చెయ్యి కలిపి, నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య ఉన్న నలుగురు పిల్లలకి ఆపరేషన్ చేశారు. అందరూ మంచానికే అతుక్కుపోయిన పిల్లలు. ఫలితాలు 2012లో వచ్చాయి. పిల్లల బరువు పెరిగింది. కళ్ళు పైకి తిరిగిపోయే బాధ తగ్గింది. పదహారు నెలలయ్యేసరికి ఒకరు లేచి నిలబడ్డారు, మిగతా ముగ్గురూ ఆసరాతో కూర్చోగలిగారు.

'ఓస్, కూర్చోవడమేనా' అనుకునేవాళ్ళు ఆరేళ్ళ పిల్లని అటు తిప్పి ఇటు తిప్పి పడుకోబెట్టి, చెంచాతో జావ పోసి, గొంతుకి అడ్డం పడుతుందేమో అని రాత్రంతా మేలుకున్న తల్లిని ఒకసారి అడగాలి.

ఆపరేషన్ ఎలా చేస్తారంటే - పాపకి పూర్తిగా మత్తిచ్చి, ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో కొలతలు చూసుకుని, సన్నని గొట్టం పుటామెన్ దాకా దింపుతారు. కుడివైపు రెండు చోట్ల, ఎడమవైపు రెండు చోట్ల మందు వదులుతారు. నాలుగు చోట్లా కలిపి ఎక్కించేది 0.32 మిల్లీలీటర్లు. మన ఇంటి డ్రాపర్‌తో లెక్కేస్తే ఆరు చుక్కలు! ఆ ఆరు చుక్కల్లో 18,000 కోట్ల జన్యు ప్రతులుంటాయి. ఒక్కో చోట మందు ఎక్కడానికి దాదాపు 27 నిమిషాలు. తొందరపడితే మందు గొట్టం వెంబడే వెనక్కి వచ్చేస్తుంది. ఆపరేషన్ అయ్యాక కొన్ని నెలల్లో చాలామంది పిల్లలకి కాళ్ళూ చేతులూ అదుపు లేకుండా కదలడం మొదలవుతుంది. చూసేవాళ్ళకి భయం వేస్తుంది కానీ, ఎన్నడూ డోపమైన్ ఎరగని మెదడుకి అది ఒక్కసారిగా అందడం వల్ల వచ్చే తంటా అది. మందులతో సర్ది, కొన్నాళ్ళకి తగ్గిపోతుంది.

ఈ మందుకి 2022 జులైలో యూరప్‌లో అనుమతి వచ్చింది, 'అప్‌స్టాజా' పేరుతో. 2024 నవంబరులో అమెరికాలో 'కెబిలిడి' పేరుతో వచ్చింది. అమెరికా అధికారులు చూసిన లెక్క ఏమిటో తెలుసా? 13 మంది పిల్లలకి మందిచ్చి, 48 వారాల తర్వాత లెక్కకి దొరికిన 12 మందిలో ఎంతమంది కొత్తగా మెడ నిలిపారు, కూర్చున్నారు, నడిచారు అని. ఎనిమిది మంది కొత్త మెట్టు ఎక్కారు. జబ్బు తీవ్రంగా ఉండి, మందు లేని పిల్లల్లో ఇలా జరగడం ఎక్కడా చూడలేదు. అంతర్జాతీయ ఔషధ పరీక్షకి కూడా కొలబద్ద మన కుడుములు, అరిసెల లెక్కే అయింది!

మొదట్లో చేయించుకున్న పిల్లల్లో పదేళ్ళు దాటినా ఫలితం నిలిచే ఉంది. అయితే చిన్న వయసులో చేయించుకున్నవాళ్ళు ఎక్కువ బాగుపడ్డారు. ఆలస్యమైనకొద్దీ అందే ఫలం తగ్గుతుంది.

చెల్లికి అందింది, అక్కకి అందలేదు

వయసు సంగతి వచ్చింది కనుక ఇంకో జబ్బు గురించి చెప్పాలి. మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ, పొట్టిగా ఎం.ఎల్.డి. ఇందులో పాప మామూలుగానే పుడుతుంది. బోర్లా పడుతుంది, నడుస్తుంది, ముద్దు ముద్దుగా మాట్లాడుతుంది. రెండేళ్ళ చుట్టుపక్కల ఉన్నట్టుండి తూలి పడటం మొదలవుతుంది. తర్వాత మాట, నడక, మింగడం... వచ్చినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి పోతాయి. నరాల మీది తొడుగు కరిగిపోవడం వల్ల ఇలా అవుతుంది.

ఇటలీలోని మిలాన్ నగరంలో సాన్ రఫాయెలే సంస్థ శాస్త్రవేత్తలు లుయిజి నల్దీని, అలెస్సాండ్రా బిఫ్ఫీ దీనికి వేరే దారి పట్టారు. పుర్రెకి రంధ్రం లేదు. పాప ఎముక మూలుగ నుంచి మూలకణాలు తీసి, లాబరేటరీలో వాటికి సరైన జన్యువు ఎక్కించి, తిరిగి పాపకే ఇస్తారు. ఆ కణాల సంతానంలో కొన్ని మెదడులోకి వలస వెళ్ళి అక్కడ కావలసిన ఎంజైమ్ పంచుతాయి. ఇక్కడ జన్యువుని మోసేది ఏమిటో వింటే ఆశ్చర్యపోతారు - విషం తీసేసిన ఎయిడ్స్ వైరస్! మొదటి ముగ్గురు పిల్లల ఫలితాలు 2013లో ప్రకటించారు. 2020 డిసెంబరులో యూరప్‌లో, 2024 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది.

కానీ ఒక షరతు ఉంది. జబ్బు లక్షణాలు కనిపించకముందే ఇవ్వాలి, లేదా మరీ మొదట్లోనే. లక్షణాలు లేని పాపకి జబ్బుందని ఎలా తెలుస్తుంది? చాలా ఇళ్ళలో అక్కకో అన్నకో వచ్చాక, చిన్నపిల్లకి పరీక్ష చేయిస్తే తెలుస్తుంది. 2023లో ఇంగ్లండ్ నుంచి ఒక కుటుంబం వార్త వచ్చింది. పెద్దపాప తూలి పడుతుంటే పరీక్షలు చేయించారు, ఎం.ఎల్.డి. అని తేలింది. అనుమానంతో చంటిదానికీ చేయించారు, దానికీ ఉంది. చిన్నదానికి సమయానికి మందు అందింది. పెద్దదానికి సమయం దాటిపోయింది. ఒకే ఇంట్లో, ఒకే తల్లి ఒళ్ళో ఇద్దరు. పెద్దదాని జబ్బే చిన్నదానికి ప్రాణం పోసింది. ఆ తల్లి దేనికి సంతోషించాలి, దేనికి ఏడవాలి?

ఈ దుఃఖం తప్పించాలంటే ఒక్కటే మార్గం - పుట్టిన ప్రతి బిడ్డకీ మడమ మీద ఒక్క చుక్క రక్తం తీసి పరీక్షించడం. తైవాన్‌లో ఎ.ఎ.డి.సి. లోపానికి అదే మొదలుపెట్టారు. సుమారు 1,28,000 మంది పసికందులని పరీక్షిస్తే నలుగురు దొరికారు. 'నలుగురి కోసం లక్ష మందికా' అనిపించవచ్చు. ఆ నలుగురి ఇళ్ళకి వెళ్ళి అనగలిగితే అనండి.

అన్నీ మంచివార్తలే అనుకోకండి. ఇదే పద్ధతిలో మగపిల్లలకి వచ్చే అడ్రినోల్యూకోడిస్ట్రఫీకి చేసిన మందు ఉంది. దాన్ని ట్రయల్స్‌లో తీసుకున్న 67 మందిలో 7 మందికి తర్వాత రక్త క్యాన్సర్లు వచ్చినట్టు 2024లో బయటపెట్టారు. జన్యువు వెళ్ళి పుస్తకంలో తప్పు పేజీ పక్కన అతుక్కుంటే జరిగే ప్రమాదం ఇది.

మరి పక్షవాతానికి? మతిమరుపుకి?

మనలో చాలామందికి ఉండే ప్రశ్న ఇదే. పక్షవాతం వచ్చి మంచంలో ఉన్న నాన్నగారికి, స్కూటర్ ప్రమాదంలో తలకి దెబ్బ తగిలిన తమ్ముడికి, కన్నకూతుర్ని గుర్తుపట్టని అత్తగారికి ఈ చికిత్స ఉందా?

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, లేదు. ఎ.ఎ.డి.సి. పిల్లల్లో కణాలు బతికే ఉన్నాయి, పేజీ ఒక్కటే చెడింది. పక్షవాతంలో, తల దెబ్బలో కణాలే చచ్చిపోతాయి. చచ్చిపోయిన కణానికి ఏ పేజీ ఇచ్చి ఏం లాభం? అందుకని శాస్త్రవేత్తలు ఇంకో కోణంలో ప్రయత్నించారు. మెదడులో నాడీకణాలకి చాకిరీ చేసే గ్లియా కణాలు చాలా ఉంటాయి. దెబ్బ తగిలిన చోట అవి గుమిగూడతాయి. న్యూరోడి1 అనే జన్యువు ఎక్కించి వాటినే నాడీకణాలుగా మార్చేయవచ్చని అమెరికాలో గాంగ్ చెన్ బృందం ఎలుకల్లో చూపించింది. ప్రపంచమంతా సంబరపడింది. 2021లో టెక్సాస్‌లో చున్-లీ జాంగ్ బృందం కణాలకి గుర్తులు పెట్టి జాగ్రత్తగా వెతికి, కొత్తగా పుట్టాయనుకున్నవి నిజానికి అంతకుముందే ఉన్న నాడీకణాలే అని తేల్చింది. రంగు పొరపాటున వాటికి కూడా అంటుకుందట! ఆ వాదన తేలేదాకా ఇది లాబరేటరీ సంగతే.

అల్జీమర్స్‌లోనూ ఆశపడి దెబ్బతిన్నారు. 2001లో కాలిఫోర్నియాలో మార్క్ టుజిన్‌స్కీ నాడీకణాలని పోషించే ఒక జన్యువుని రోగుల మెదడులో పెట్టడం మొదలుపెట్టారు. తర్వాత పెద్ద ట్రయల్ కూడా జరిగింది, ఉపయోగం కనపడలేదు. ఆ రోగులు కాలం చేశాక మెదడు పరీక్షిస్తే, మందు చేరాల్సిన కణాల దాకా అసలు చేరనే లేదని తెలిసింది. మెదడులో రెండు మిల్లీమీటర్లు అంటే వేరే ఊరే! పార్కిన్సన్స్‌కి కూడా ట్రయల్స్ జరుగుతున్నాయి తప్ప అనుమతి వచ్చిన జన్యు చికిత్స లేదు.

పెద్దవాళ్ళ జబ్బుల్లో కాస్త వెలుగు కనిపించింది హంటింగ్‌టన్స్‌లో. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకి సగం అవకాశం ఉండే భయంకరమైన జబ్బు అది. దానికి చేసిన ఎ.ఎం.టి.-130 అనే మందు ఎక్కువ మోతాదులో తీసుకున్న 12 మందిలో మూడేళ్ళలో జబ్బు ముదిరే వేగం 75 శాతం తగ్గిందని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. పోల్చింది మందు తీసుకోని రోగుల పాత రికార్డులతో. 12 మంది అంటే పిడికెడు మందే కనుక, సంతోషాన్ని కూడా పిడికెడే దాచుకోవడం మంచిది.

ఈ ఖాళీలోకే మోసం దూరుతుంది. 'స్టెమ్ సెల్స్‌తో సెరిబ్రల్ పాల్సీ నయం', 'జీన్ టెక్నాలజీతో పక్షవాతం మాయం' అని ప్రకటనలు ఇచ్చి లక్షలు గుంజేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళేది తెలివితక్కువవాళ్ళు కాదు, ఆశ చావని తల్లిదండ్రులు. రక్త సంబంధమైన కొన్ని జబ్బులకి తప్ప మిగతా వాటికి స్టెమ్ సెల్స్ వాడకం ట్రయల్స్‌లోనే జరగాలని ఐ.సి.ఎం.ఆర్. 2017 మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. నిజమైన ట్రయల్ అయితే దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉంటుంది. ప్రయోగం చేస్తూ మీ దగ్గర డబ్బులు వసూలు చేస్తున్నారంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

కోట్లు ఎవరిస్తారు?

'16 కోట్ల ఇంజెక్షన్' అనే మాట మీరు టీవీలో వినే ఉంటారు. అది స్పైనల్ మస్క్యులర్ అట్రఫీకి ఇచ్చే జోల్‌జెన్స్మా. ఇదే ఎ.ఎ.వి. కుటుంబం మందు, 2019 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. మన తెలుగు కుటుంబాలు కూడా ఊరూరా, దేశదేశాల నుంచీ చందాలు పోగుచేసి బిడ్డలకి ఇప్పించుకున్నాయి. ఎ.ఎ.డి.సి. మందు ధర బ్రిటన్‌లో 30 లక్షల పౌన్లు, అంటే మన డబ్బులో ముప్పై కోట్లు దాటింది. ఎం.ఎల్.డి. మందు అమెరికాలో 42.5 లక్షల డాలర్లు!

ఆరు చుక్కలకి ముప్పై కోట్లా? రోగులు కొద్దిమందే, ఖర్చంతా వాళ్ళ మీదే రాబట్టుకోవాలి అంటాయి కంపెనీలు. కొంత నిజమే కావచ్చు. కానీ విశ్వవిద్యాలయాల్లో ప్రజల డబ్బుతోనూ, మిలాన్ విషయంలో జనం ఇచ్చిన విరాళాలతోనూ సగం దారి నడిచాక కంపెనీ చేతికి వెళ్ళిన మందులివి. ఆ సగానికి లెక్క ధరలో ఎక్కడా కనపడదు.

మనకి 2021 నుంచి అరుదైన జబ్బుల జాతీయ విధానం ఉంది. ఎంపిక చేసిన పెద్దాసుపత్రుల ద్వారా 50 లక్షల రూపాయల దాకా సాయం చేస్తారు. హైదరాబాదులో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి ఆ కేంద్రం నడుపుతున్నాయి. 50 లక్షలు చాలా జబ్బులకి పెద్ద ఆసరా. జన్యు చికిత్స ముందు మాత్రం చన్నీళ్ళకి వేణ్ణీళ్ళు కూడా కాదు.

మేనరికం మాట

కోట్ల మందు మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది కొంత ఉంది.

ఎ.ఎ.డి.సి. లోపం గానీ, ఎం.ఎల్.డి. గానీ రావాలంటే అమ్మ, నాన్న ఇద్దరి దగ్గరా అదే పేజీలో తప్పు ఉండాలి. వాళ్ళిద్దరూ శుభ్రంగా ఆరోగ్యంగా ఉంటారు. వాళ్ళకి పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకసారి వచ్చింది కనుక తర్వాత ముగ్గురికీ రాదు అనుకోవడం తప్పు, ప్రతి కాన్పుకీ లెక్క మళ్ళీ మొదటినుంచే.

ఇలాంటి అచ్చుతప్పులు మనలో ప్రతి ఒక్కరి దగ్గరా కొన్ని ఉంటాయి. బయటి సంబంధమైతే ఇద్దరి తప్పులూ వేర్వేరు పేజీల్లో ఉండే అవకాశం ఎక్కువ. మేనబావా మరదళ్ళలో జన్యువుల్లో ఎనిమిదో వంతు ఒకటే. మేనమామా మేనకోడళ్ళలో నాలుగో వంతు! మామూలుగా నూటికి ముగ్గురు పిల్లల్లో ఉండే పుట్టుక లోపాల ముప్పు దగ్గరి మేనరికాల్లో ఐదారు దాకా పోతుంది. నూటికి తొంభై నాలుగు మంది బాగానే పుడతారన్నది కూడా నిజమే, అందుకే "మా ఇంట్లో మూడు తరాలుగా చేసుకుంటున్నాం, ఏమైంది?" అనే మాట నిలబడుతుంది. ఇంకో సంగతి. మేనరికం కాకపోయినా, తరతరాలుగా తమలో తామే ఇచ్చి పుచ్చుకునే సమూహాలు మన దేశంలో చాలా ఉన్నాయి. వాటిలోనూ కొన్ని జబ్బులు పేరుకుపోయే వీలుందని హైదరాబాద్ సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త కె. తంగరాజ్ బృందం 2017లో చూపించింది. తైవాన్‌లో జరిగిందీ అదే.

ఇంట్లో ఒక బిడ్డకి అంతు తెలియని జబ్బు ఉంటే, కోడల్ని అనడం మానేసి, రెండో కాన్పుకి ముందే జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్ళండి. ఇద్దరూ వెళ్ళండి. మొదటి బిడ్డ జన్యులోపం ఏ పేజీలో ఉందో కచ్చితంగా తెలిసి ఉంటేనే తర్వాతి గర్భంలో 11 వారాల నుంచి పరీక్ష చేసి చెప్పగలరు. అందుకని మొదటి బిడ్డ దక్కకపోయినా ఆ బిడ్డ జన్యు పరీక్ష జరిగి ఉండటం ముఖ్యం.

డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు

నాలుగో నెల దాటినా మెడ నిలవకపోవడం, ఒళ్ళు మెత్తగా వేలాడిపోవడం, ఫిట్స్ మందులకి లొంగని కళ్ళు తిరుగుడు, సాయంత్రానికి ముదిరే బాధ, వచ్చిన నడక వెనక్కి పోవడం - వీటిలో ఏది ఉన్నా "ఇది జన్యు సంబంధమైనది అయ్యుండొచ్చా?" అని డాక్టరుగారిని నోరు తెరిచి అడగండి. సెరిబ్రల్ పాల్సీ అన్నారు కానీ కాన్పు తేలిగ్గా అయింది, నెలలు నిండాయి, పుట్టగానే ఏడ్చింది, స్కానింగ్ బాగుంది అంటే తప్పకుండా అడగాలి. రక్తంలో చూసే పరీక్షలున్నాయి, జన్యు పరీక్షలున్నాయి. ఎ.ఎ.డి.సి. లోపాన్ని ఎండిన రక్తపు చుక్కలో కూడా పట్టుకోవచ్చు.

పాప కళ్ళు పైకి తిరిగినప్పుడు ఫోనులో వీడియో తీసి ఉంచండి. ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆ బాధ ఆగిపోయి, మీరు నోటితో చెప్పింది ఫిట్స్‌లాగే వినపడుతుంది. వీడియోలో పాప ముఖం, చేతులు, కాళ్ళు మూడూ కనపడాలి. ఎన్నింటికి మొదలైంది, ఎంతసేపుంది, నిద్రపోయి లేచాక తగ్గిందా, ఇవి ఒక నోటుబుక్కులో తేదీల వారీగా రాయండి. పుట్టిన ఆసుపత్రి కాగితం, పాత స్కానింగులు, వాడిన మందుల చీటీలు ఒకే ఫైల్లో పెట్టండి. రెండు వైపులా చిన్నతనంలోనే పోయిన పిల్లలెవరైనా ఉంటే, వాళ్ళకి ఏం జరిగిందో అమ్మమ్మనీ నాయనమ్మనీ కూర్చోబెట్టి అడిగి ఆ పుస్తకం చివరి పేజీలో రాసుకెళ్ళండి.